ఓపెన్‌ఎస్ఎస్ఎల్ బిల్డ్ ఆగిపోతే: ఏ మెట్టు మీద ఆగిందో చూసి సరిచేయడం

ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అంటే ఎన్‌క్రిప్షన్ పనులకు వాడే లైబ్రరీ. దాన్ని సోర్స్ కోడ్ నుంచి బిల్డ్ చేయడమంటే నాలుగు మెట్లు: కాన్ఫిగర్, మేక్, మేక్ టెస్ట్, మేక్ ఇన్‌స్టాల్. ఎక్కడో ఒక దగ్గర ఆగగానే చాలామంది టెర్మినల్‌లో కిందనున్న చివరి వరుసను కాపీ చేసి వెతుకుతారు. ఆ వరుసలో ఉండేది 'మేక్: ఎర్రర్ 1' లేదా 'ఎర్రర్ 2'. దానర్థం పని ఆగింది అని మాత్రమే, ఎందుకు ఆగిందో అందులో ఉండదు. కారణం చెప్పే వరుస దానికి ఇరవై ముప్పై వరుసల పైన ఉంటుంది. పైగా ఆ కారణం ఓపెన్‌ఎస్ఎస్ఎల్ కోడ్‌లో ఉండడం అరుదు. మెషీన్ గడియారం, పెర్ల్, ఫోల్డర్ పేరు, అదే మెషీన్‌లో ముందే ఉన్న ఇంకో ఓపెన్‌ఎస్ఎస్ఎల్, వీటిలో ఏదో ఒకటి అయి ఉంటుంది.

ఇది హనుమకొండ, కాజీపేట, కరీంనగర్, మంచిర్యాల వైపు కాలేజీ ల్యాబుల్లో, హాస్టల్ ల్యాప్‌టాపుల్లో బిల్డ్ చేసేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసింది. అంటే 4 జీబీ ర్యామ్, ఫోన్ హాట్‌స్పాట్ ఇంటర్నెట్, మధ్యలో పోయే కరెంటు, విండోస్‌తో పాటు ఉబుంటు వేసిన మెషీన్. కమాండ్లను పలికే తీరులో తెలుగు అక్షరాల్లో ఇచ్చాం. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి. గీతలు, కోట్ గుర్తులు, సమాన గుర్తులు మాత్రం ఇక్కడ ఎలా ఉంటే అలాగే.

అసలు బిల్డ్ చేయాలా?

మీ సీ ప్రోగ్రామ్ 'ఓపెన్‌ఎస్ఎస్ఎల్/ఎస్ఎస్ఎల్.హెచ్: నో సచ్ ఫైల్' అని ఆగితే సోర్స్ బిల్డ్ అవసరమే లేదు. హెడర్ల ప్యాకేజీ ఒక్కటే తక్కువైంది. ఉబుంటు, డెబియన్‌లో దాని పేరు లిబ్‌ఎస్ఎస్ఎల్-డెవ్, ఫెడోరా వైపు ఓపెన్‌ఎస్ఎస్ఎల్-డెవెల్. వేసుకుని ముందుకు పోండి.

సోర్స్ నుంచి కట్టాల్సింది ఎప్పుడంటే, మెషీన్‌లో ఉన్న వెర్షన్‌లో లేనిది మీకు కావాల్సినప్పుడు. ఉబుంటు 22.04లో వచ్చేది 3.0.2, 24.04లో వచ్చేది 3.0.13. క్వాంటమ్ కంప్యూటర్లకూ లొంగవనుకునే ఎంఎల్-కెమ్, ఎంఎల్-డీఎస్ఏ అల్గారిథమ్‌ల మీద ఫైనలియర్ ప్రాజెక్ట్ చేస్తుంటే అవి 3.5లోనే వచ్చాయి. కాబట్టి కట్టక తప్పదు. 3.5కు 2030 ఏప్రిల్ దాకా సపోర్ట్ ఉంది. 1.1.1కు ఉచిత సపోర్ట్ 2023 సెప్టెంబర్ 11తోనే ముగిసింది. పాత యూట్యూబ్ వీడియో చూసి దాన్నే బిల్డ్ చేస్తుంటే అక్కడితో ఆపి 3.5 దించుకోండి.

మొదలుపెట్టే ముందు

ఉబుంటులో బిల్డ్-ఎసెన్షియల్, పెర్ల్ ప్యాకేజీలు ఉంటే సరిపోతుంది. డిస్క్‌లో 2 జీబీ ఖాళీ ఉంచుకోండి.

సోర్స్‌ను హోమ్ డైరెక్టరీలో, ఖాళీ లేని పేరున్న ఫోల్డర్‌లో విప్పండి. 'న్యూ ఫోల్డర్ 2', 'ఫైనల్ ప్రాజెక్ట్' లాంటి పేర్లు వద్దు. మేక్ దృష్టిలో ఖాళీ అంటే ఒక పేరు ముగిసి ఇంకో పేరు మొదలైనట్టు. పెన్‌డ్రైవ్ మీద కూడా వద్దు. ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ డిస్కుల్లో లైనక్స్ పర్మిషన్లు, సింబాలిక్ లింకులు నిలవవు. లైబ్రరీ ఫైళ్లకు లింకులు పెట్టే దగ్గర 'ఆపరేషన్ నాట్ పర్మిటెడ్' అని ఆగుతుంది.

హాట్‌స్పాట్ మీద దించిన టార్ ఫైల్ సగంలో తెగడం మామూలే. విప్పేటప్పుడు 'అనెక్స్‌పెక్టెడ్ ఎండ్ ఆఫ్ ఫైల్' వస్తే అర్థం అదే. పక్కనే దొరికే షా256 ఫైల్‌ను కూడా దించి, 'షా256సమ్' కమాండ్‌తో వచ్చిన అంకెను దానితో పోల్చండి. క్రిప్టోగ్రఫీ లైబ్రరీ విషయంలో ఈ పోలిక తెగిన ఫైల్‌ను పట్టుకోవడానికే కాదు, ఎవరైనా మార్చిన ఫైల్‌ను పట్టుకోవడానికి కూడా. గిట్ నుంచి తీసుకుంటే 'గిట్ క్లోన్ --డెప్త్ 1' వాడండి. పాత చరిత్రంతా దిగకుండా డేటా మిగులుతుంది. సబ్‌మాడ్యూళ్లు మామూలు బిల్డ్‌కు అక్కర్లేదు.

కాన్ఫిగర్ దగ్గర

ముందుగా ఒక చిన్న విషయం. 'కాన్ఫిగర్' అనే ఈ ఫైల్ పేరులో మొదటి అక్షరం పెద్దది. మిగతా ప్రాజెక్టుల అలవాటులో చిన్న అక్షరంతో కొడితే 'నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ' వస్తుంది. ఇది ఆటోకాన్ఫ్ తయారుచేసే షెల్ స్క్రిప్ట్ కాదు, చేత్తో రాసిన పెర్ల్ స్క్రిప్ట్.

మేం సూచించే వరుస ఇది:

./కాన్ఫిగర్ --ప్రిఫిక్స్=/ఆప్ట్/ఎస్ఎస్ఎల్35 --ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌డిర్=/ఆప్ట్/ఎస్ఎస్ఎల్35/ఎస్ఎస్ఎల్ --లిబ్‌డిర్=లిబ్ '-డబ్ల్యూఎల్,-ఆర్‌పాత్,$(లిబ్‌ఆర్‌పాత్)'

'డబ్ల్యూఎల్'లో డబ్ల్యూ పెద్దక్షరం, ఎల్ చిన్నక్షరం. 'లిబ్‌ఆర్‌పాత్' మొత్తం పెద్దక్షరాలే. చివరి భాగం చుట్టూ ఉన్న ఒంటి కోట్ గుర్తులు తీసేస్తే, షెల్ దాన్ని ఒక కమాండ్ అనుకుని నడపబోయి 'లిబ్‌ఆర్‌పాత్: కమాండ్ నాట్ ఫౌండ్' అంటుంది. అయినా కాన్ఫిగర్ పూర్తవుతుంది, లైబ్రరీ ఎక్కడుందో చెప్పే పాత్ మాత్రం ఖాళీగా మిగులుతుంది. దాని ఫలితం ఇన్‌స్టాల్ అయ్యాక గానీ తెలియదు. ఈ నాలుగు ఆప్షన్లూ ఎందుకో చివరి మెట్టులో వివరంగా ఉంది.

'టార్గెట్ ఆల్రెడీ డిఫైన్డ్' అని వచ్చి, దాని పక్కన మీరిచ్చిన ఆప్షన్ కనిపిస్తే ఆ ఆప్షన్ ముందున్న గీతలను దగ్గరగా చూడండి. పీడీఎఫ్ నుంచో, వాట్సాప్ మెసేజ్ నుంచో కాపీ చేసినప్పుడు రెండు చిన్న గీతలు కలిసి ఒక పొడుగు గీత అవుతాయి. కంటికి తేడా కనబడదు. కాన్ఫిగర్ మాత్రం గీతతో మొదలు కాని, తనకు తెలియని మాటను ప్లాట్‌ఫామ్ పేరు అనుకుంటుంది. ఒకే ఒక్క గీత అలా మారితే, ఆ పేరుతో ప్లాట్‌ఫామ్ తనకు తెలియదని ఆగుతుంది. ఆ వరుసను చెరిపి చేత్తో కొట్టడమే మందు.

'కాంట్ లొకేట్ ఐపీసీ/సీఎండీ.పీఎం' అంటే పెర్ల్ మాడ్యూల్ లేదని. ఉబుంటులో ఇది దాదాపు రాదు. ఫెడోరా, ఆల్మా, రాకీ లాంటి వాటిలో పెర్ల్‌ను ముక్కలు ముక్కలుగా విడదీసి ఇస్తారు కాబట్టి వస్తుంది. పేరులోని స్లాష్ తీసి గీత పెట్టి, ముందు 'పెర్ల్-' చేర్చితే ప్యాకేజీ పేరు వచ్చేస్తుంది: పెర్ల్-ఐపీసీ-సీఎండీ, పెర్ల్-ఫైండ్‌బిన్, పెర్ల్-టైమ్-పీస్. ఒకటి వేశాక ఇంకొకటి అడగొచ్చు, అడిగిన కొద్దీ వేస్తూ పోవడమే.

'ఎన్వ్: పెర్ల్\ఆర్: నో సచ్ ఫైల్' అని వస్తే పెర్ల్ లేదని కాదు. విండోస్‌లో గిట్ క్లోన్ చేసి, దాన్నే డబ్ల్యూఎస్ఎల్‌లో (విండోస్ లోపలే లైనక్స్ నడిపే ఏర్పాటు) బిల్డ్ చేస్తున్నారని అర్థం. విండోస్ గిట్ ప్రతి వరుస చివరా ఒక అదనపు గుర్తు చేర్చింది, లైనక్స్ దాన్ని పేరులో భాగం అనుకుంది. ఆ ఫోల్డర్ వదిలేసి, డబ్ల్యూఎస్ఎల్ లోపలే, దాని హోమ్ డైరెక్టరీలోనే మళ్లీ క్లోన్ చేయండి. సీ డ్రైవ్ ఫోల్డర్‌లో నడపడం ఎలాగూ బాగా నెమ్మది.

అనకొండ (పైథాన్‌ను, దాని ప్యాకేజీలను కలిపి ఇచ్చే సాఫ్ట్‌వేర్) వేసిన మెషీన్లలో ఇంకో చిక్కు ఉంది. టెర్మినల్ తెరవగానే అనకొండ తన ఫోల్డర్‌ను పాత్‌లో, అంటే కమాండ్లను వెతికే ఫోల్డర్ల జాబితాలో, ముందుకు తెస్తుంది. అందులో వేరే పెర్ల్ ఉండొచ్చు, వేరే లింకర్ ఉండొచ్చు, వేరే ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అయితే తప్పకుండా ఉంటుంది. 'విచ్ పెర్ల్', 'విచ్ జీసీసీ' కొట్టి చూసి, అనకొండ పేరు కనిపిస్తే 'కొండా డీయాక్టివేట్' చేశాకే మొదలుపెట్టండి.

అంతా సరిగా ఉంటే 'ఓపెన్‌ఎస్ఎస్ఎల్ హ్యాజ్ బీన్ సక్సెస్‌ఫుల్లీ కాన్ఫిగర్డ్' అని నక్షత్రం గుర్తుల (*) డబ్బాలో కనిపిస్తుంది. ఏం ఎంచుకుందో చూడాలంటే 'పెర్ల్ కాన్ఫిగ్‌డేటా.పీఎం --డంప్'. ఏ కంపైలర్, ఏ ఫ్లాగులు, ఏవి ఆపేసింది, షెల్ నుంచి ఏ వేరియబుల్స్ తీసుకుంది, అన్నీ అందులో ఉంటాయి. ఎప్పుడో వేరే ప్రాజెక్టు కోసం బాష్ఆర్సీలో (టెర్మినల్ తెరిచినప్పుడల్లా నడిచే సెట్టింగుల ఫైల్) పెట్టి మరిచిన సీసీ, సీఫ్లాగ్స్ వేరియబుల్స్ బయటపడేది ఇక్కడే.

మేక్ దగ్గర

లాగ్ దాచుకుంటూ నడపండి: 'మేక్ -జే2 2>&1 | టీ బిల్డ్.లాగ్'. ఆగితే, వెంటనే జే లేకుండా ఒట్టి 'మేక్' ఇంకోసారి కొట్టండి. రెండు మూడు పనులు కలిసి నడిచినప్పుడు వాటి వరుసలు కలగాపులగం అవుతాయి. ఒట్టి మేక్ అయితే అయిపోయిన ఫైళ్లను దాటేసి, ఆగాల్సిన ఫైల్ దగ్గరే ఆగుతుంది. అసలు ఎర్రర్ తెర చివర్లోనే ఉంటుంది.

జే తర్వాత అంకె మరిచిపోవద్దు. అంకె లేకపోతే ఎన్ని పనులు వీలైతే అన్నీ ఒకేసారి మొదలుపెట్టమన్నట్టు. 4 జీబీ మెషీన్‌లో కాసేపట్లో 'ఇంటర్నల్ కంపైలర్ ఎర్రర్: కిల్డ్' వస్తుంది. కంపైలర్‌లో తప్పేమీ లేదు. మెమరీ అయిపోయి కెర్నలే దాన్ని చంపేసింది. కెర్నల్ లాగ్ చూపే 'డీమెసేజ్' కమాండ్ (డీ, ఎమ్, ఈ, ఎస్, జీ అక్షరాలు) ఫలితంలో ఊమ్ (ఓ, ఓ, ఎమ్) అనే మాట వెతికితే ఆధారం దొరుకుతుంది. -జే2తో మళ్లీ నడపండి, బ్రౌజర్ మూసేయండి. మే నెల మధ్యాహ్నం రామగుండంలో ల్యాప్‌టాప్ దానంతట అదే ఆరిపోతుంటే కూడా అంకె తగ్గించడమే దారి. నాలుగు కోర్లూ పూర్తిగా వేడెక్కకుండా ఉంటాయి.

కరెంటు పోయి మెషీన్ ఆగిన తర్వాత వచ్చే ఎర్రర్‌ది ఇంకో తీరు. మళ్లీ మేక్ కొడితే కంపైల్ అంతా సాఫీగా సాగి, లింక్ దగ్గర 'ఫైల్ నాట్ రికగ్నైజ్డ్: ఫైల్ ట్రంకేటెడ్' లేదా 'ఫైల్ ఫార్మాట్ నాట్ రికగ్నైజ్డ్' అంటుంది. కరెంటు పోయిన క్షణంలో రాస్తున్న ఆబ్జెక్ట్ ఫైల్ పేరు డిస్క్ మీద పడింది, లోపలి బైట్లు పడలేదు. మేక్ చూసేది ఫైల్ తేదీనే తప్ప సైజును కాదు. తేదీ కొత్తగా ఉంది కాబట్టి ఆ పని అయిపోయినట్టే లెక్క. ఎర్రర్‌లో పేరున్న ఒక్క ఫైల్‌ను చెరిపితే ఇంకొకటి బయటపడుతుంది. 'ఫైండ్ . -నేమ్ "*.ఓ" -సైజ్ 0' కొడితే ఖాళీ ఫైళ్లన్నీ ఒకేసారి కనిపిస్తాయి. అయితే పక్కనే ఉండే డిపెండెన్సీ ఫైళ్లు కూడా అలాగే తెగి ఉండొచ్చు కాబట్టి, 'మేక్ క్లీన్' చేసి మొదటి నుంచి నడపడమే మా సలహా. ల్యాబ్ మెషీన్‌లో పావుగంట, అరగంట ఎక్కువ పట్టినా తర్వాత అనుమానం ఉండదు.

వెర్షన్ మార్చినప్పుడు, బ్రాంచ్ మార్చినప్పుడు, కాన్ఫిగర్ ఆప్షన్ మార్చినప్పుడు 'మేక్ డిస్ట్‌క్లీన్' తప్పనిసరి. లేకపోతే పాత హెడర్, కొత్త సోర్స్ కలిసి 'అన్‌డిఫైన్డ్ రెఫరెన్స్' వరుసలు వందల కొద్దీ వస్తాయి. అవి చూసి ఆగమాగం కావద్దు, ఒక్కదానికీ విడిగా మందు వెతకొద్దు. గిట్ ఫోల్డర్ అయితే 'గిట్ క్లీన్ -ఎక్స్‌డీఎఫ్' ఇంకా నమ్మకం. కాకపోతే ఆ ఫోల్డర్‌లో మీరు సొంతంగా పెట్టుకున్న ఫైళ్లు కూడా పోతాయి. సోర్స్ పక్కన వేరే బిల్డ్ ఫోల్డర్ పెట్టుకుని అందులోంచి కాన్ఫిగర్ నడపడం ఇంకా మంచి అలవాటు, తేడా వస్తే ఆ ఫోల్డర్ ఒక్కటే చెరిపేయొచ్చు. అయితే సోర్స్ ఫోల్డర్‌లో అంతకుముందు కాన్ఫిగర్ నడిపి ఉంటే, ముందు అక్కడ డిస్ట్‌క్లీన్ చేయాలి. లేదంటే అక్కడి పాత హెడర్లు ఇందులోకి వస్తాయి.

గడియారం తప్పితే

పాత ల్యాబ్ మెషీన్లలో మనుషులను ఎక్కువగా సతాయించేది ఇదే. లక్షణాలు మూడు రకాలు. ఒకటి, 'క్లాక్ స్క్యూ డిటెక్టెడ్, యువర్ బిల్డ్ మే బీ ఇన్‌కంప్లీట్' అనే హెచ్చరిక. రెండు, మేక్ కొట్టిన ప్రతిసారీ మళ్లీ కాన్ఫిగర్ నడిచి 'ప్లీజ్ రన్ ద సేమ్ మేక్ కమాండ్ అగైన్' అనడం, మళ్లీ కొడితే మళ్లీ అదే. మూడు, గిట్ క్లోన్ సమయంలోనే సర్టిఫికెట్ ఇంకా చెల్లుబాటులోకి రాలేదని ఆగడం.

మేక్ నడిచేదంతా తేదీల పోలిక మీదే. కాన్ఫిగర్ ఫైల్ తేదీ మేక్‌ఫైల్ తేదీ కన్నా కొత్తదైతే మేక్‌ఫైల్‌ను తిరిగి తయారుచేయాలి. మెషీన్ గడియారం 2019లో ఉండి, సోర్స్ ఫైళ్ల తేదీలు 2025లో ఉంటే, ఎన్నిసార్లు తయారుచేసినా మేక్‌ఫైల్ పాతదిగానే కనిపిస్తుంది. కాబట్టి ఆ చక్రం తెగదు.

'డేట్' కొట్టి చూడండి. సంవత్సరమే తప్పుంటే మదర్‌బోర్డు మీద ఉన్న సీఆర్2032 బిళ్ల సెల్ అయిపోయింది. హనుమకొండ చౌరస్తాలో వాచీల దుకాణంలో అడిగినా దొరుకుతుంది. సెల్ మార్చేదాకా ప్రతి బూట్ తర్వాత 'టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-టైమ్'తో చేత్తో సరిచేయాలి. ఆటోమేటిక్ సింక్ ఆన్‌లో ఉంటే ఆ కమాండ్ ఒప్పుకోదు, ముందు 'టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-ఎన్టీపీ ఫాల్స్' చేయాలి. క్యాంపస్ ఫైర్‌వాల్ 123 నంబర్ యూడీపీ పోర్టును మూసి ఉంచితే సింక్ ఆన్‌లో ఉన్నా సమయం సరికాదన్న సంగతి గుర్తుంచుకోండి.

తేడా సంవత్సరాల్లో కాక సరిగ్గా అయిదున్నర గంటలు ఉంటే, అంటే హెచ్చరికలో 19800 సెకన్లకు అటూ ఇటూ అంకె కనిపిస్తే, సెల్ బాగానే ఉంది. విండోస్, ఉబుంటు రెండూ ఉన్న మెషీన్ అది. విండోస్ బోర్డు గడియారంలో మన దేశ సమయాన్ని రాస్తుంది. ఉబుంటు దాన్ని గ్రీనిచ్ సమయం అనుకుని ఇంకో 5:30 కలుపుతుంది. ఇంటర్నెట్ తగిలాక గడియారం వెనక్కి సర్దుకుంటుంది గానీ, ఆలోపు తయారైన ఫైళ్ల తేదీలు భవిష్యత్తులోనే ఉండిపోతాయి. 'టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్టీసీ 1' కొడితే రెండూ ఒకే లెక్కలోకి వస్తాయి.

గడియారం సరిచేశాక పాత ఫోల్డర్‌ను కొనసాగించొద్దు. చెరిపేసి, 'టార్ -ఎక్స్ఎమ్ఎఫ్'తో మళ్లీ విప్పండి. ఆ ఎమ్ వల్ల ఫైళ్లన్నిటికీ ఇప్పటి తేదీయే పడుతుంది.

టెస్టులు

రూట్‌గా, అంటే అడ్మిన్ హక్కులతో, నడపొద్దు. పర్మిషన్లను పరీక్షించే టెస్టులు రూట్ కింద అర్థం లేనివి అవుతాయి. కోర్లు ఉంటే 'మేక్ హార్నెస్_జాబ్స్=2 టెస్ట్' అని వేగం పెంచుకోవచ్చు (హార్నెస్, జాబ్స్ రెండూ పెద్దక్షరాలే).

ఒకటి ఫెయిలైతే చివరి పట్టికలో '80-టెస్ట్_ఎస్ఎస్ఎల్_న్యూ.టీ' లాంటి పేరు ఉంటుంది. ముందున్న అంకెను, వెనకున్న టీని వదిలి, ఆ ఒక్కదాన్నే వివరంగా నడపండి: 'మేక్ టెస్ట్ టెస్ట్స్=టెస్ట్_ఎస్ఎస్ఎల్_న్యూ వీ=1'. సమాన గుర్తుకు ముందున్న 'టెస్ట్స్', 'వీ' పెద్దక్షరాలు.

ఆ టెస్ట్ పేరు ఉత్తినే తీసుకోలేదు. 1.1.1ఓ, 3.0.3, వాటికి ముందువి ఇప్పుడు బిల్డ్ చేస్తే ఈ టెస్టే పోతుంది, మీ తప్పు లేకుండానే. సోర్స్‌తో పాటు వచ్చే పరీక్ష సర్టిఫికెట్ గడువు 2022 జూన్ 1తో తీరిపోయింది. ఆ నెలలోనే వచ్చిన 1.1.1పీ, 3.0.4లలో సరిచేశారు. 3.0.4లో మాత్రం ఆగొద్దు. ఏవీఎక్స్-512 ఉన్న ప్రాసెసర్ల మీద ఆర్ఎస్ఏ లెక్కలో మెమరీ పాడయ్యే లోపం అందులో ఉంది, 3.0.5లో తీశారు. ఆ వరుసలో తాజా వెర్షన్ తీసుకోవడమే క్షేమం.

టెస్ట్ ఫెయిలైనా 'మేక్ ఇన్‌స్టాల్' అడ్డు చెప్పదు. అసెంబ్లీ కోడ్‌కు సంబంధించిన టెస్ట్ పోయిన లైబ్రరీని ఇన్‌స్టాల్ చేసి దానితో ఎన్‌క్రిప్షన్ కీలు తయారుచేయొద్దు. తప్పు అసెంబ్లీలోనే ఉందా అని తేల్చుకోవడానికి 'నో-ఏఎస్ఎమ్' ఆప్షన్‌తో కాన్ఫిగర్ చేసి మళ్లీ పరీక్షించండి. అది కారణం పట్టుకోవడానికి మాత్రమే. అలా కట్టిన లైబ్రరీ ఏఈఎస్ లాంటి వాటిలో బాగా నెమ్మదిస్తుంది.

ఇన్‌స్టాల్ చేయకముందే కొత్త ప్రోగ్రామ్‌ను చూడాలంటే యాప్స్ ఫోల్డర్‌లోని దాన్ని నేరుగా నడపొద్దు, అది సిస్టమ్ లైబ్రరీని ఎత్తుకోవచ్చు. './యుటిల్/ర్యాప్.పీఎల్ యాప్స్/ఓపెన్‌ఎస్ఎస్ఎల్ వెర్షన్' అని నడపండి.

ఇన్‌స్టాల్ అయ్యాక: పాత లైబ్రరీ ఎక్కితే

డాక్యుమెంట్లు వద్దనుకుంటే 'సుడో మేక్ ఇన్‌స్టాల్_ఎస్‌డబ్ల్యూ' చాలు. మాన్యువల్ పేజీలు తయారయ్యే సమయం మిగులుతుంది. 'ఎస్ఎస్ఎల్‌డిర్స్' అనే టార్గెట్‌ను కూడా వెంట చేర్చండి: 'సుడో మేక్ ఇన్‌స్టాల్_ఎస్‌డబ్ల్యూ ఇన్‌స్టాల్_ఎస్ఎస్ఎల్‌డిర్స్'. లేకపోతే కాన్ఫిగ్ ఫైల్ ఆ ఫోల్డర్‌లో పడదు.

ఇప్పుడు అసలు చిక్కు. కొత్తదాన్ని నడిపితే ఈ మూడింట్లో ఒకటి కనిపిస్తుంది:

'లిబ్‌ఎస్ఎస్ఎల్.ఎస్ఓ.3: కెనాట్ ఓపెన్ షేర్డ్ ఆబ్జెక్ట్ ఫైల్'.

'వెర్షన్ ఓపెన్‌ఎస్ఎస్ఎల్_3.2.0 నాట్ ఫౌండ్'.

లేదా, 3.0 వరుసలోనిదే కట్టి ఉంటే, ఏ ఎర్రర్ లేకుండా 'వెర్షన్' వరుసలో మొదట మీరు కట్టిన వెర్షన్ అనీ, బ్రాకెట్లో లైబ్రరీ 3.0.2 అనీ.

మూడింటికీ మూలం ఒకటే. ప్రోగ్రామ్ ఒక ఫైల్, లైబ్రరీ వేరే ఫైల్. ప్రోగ్రామ్ మొదలైనప్పుడు లైబ్రరీని వెతికి తెచ్చేది లైనక్స్ లోడర్. అది వెతికేది పేరుతో. 3.0 లైబ్రరీ పేరూ 3.5 లైబ్రరీ పేరూ ఒకటే, రెండూ లిబ్‌ఎస్ఎస్ఎల్.ఎస్ఓ.3. మీరు కొత్తదాన్ని ఎక్కడ పెట్టారో లోడర్‌కు చెప్పకపోతే ముందు కనిపించిన పాతదాన్నే ఎక్కిస్తుంది. పాత మెషీన్‌లో ఆ పేరే లేకపోతే 'కెనాట్ ఓపెన్' అంటుంది.

దీనికి తోడు, 64 బిట్ ఇంటెల్, ఏఎండీ లైనక్స్ మీద ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 3 లైబ్రరీలను 'లిబ్'లో కాకుండా 'లిబ్64'లో పెడుతుంది. ఫెడోరా వైపు అది మామూలే. ఉబుంటు లోడర్ యూఎస్ఆర్/లోకల్/లిబ్64 వైపు తొంగిచూడదు. '--లిబ్‌డిర్=లిబ్' ఇచ్చింది అందుకే. 'ఆర్‌పాత్' భాగం లైబ్రరీ చిరునామాను ప్రోగ్రామ్ లోపలే రాసిపెడుతుంది.

సరిగా పడిందో లేదో చూసే పద్ధతి: 'ఎల్‌డీడీ /ఆప్ట్/ఎస్ఎస్ఎల్35/బిన్/ఓపెన్‌ఎస్ఎస్ఎల్'. వచ్చే జాబితాలో లిబ్‌ఎస్ఎస్ఎల్, లిబ్‌క్రిప్టో రెండు వరుసలూ బాణం గుర్తు తర్వాత /ఆప్ట్/ఎస్ఎస్ఎల్35/లిబ్ అని చూపించాలి. ఒకటి అక్కడ, ఇంకొకటి సిస్టమ్ ఫోల్డర్‌లో చూపిస్తే సగం పనే అయినట్టు. 'రీడెల్ఫ్ -డీ' కొట్టి రన్‌పాత్ వరుస చూడండి. ఆ వరుసే లేకపోతే, లేదా అందులో పాత్ ఖాళీగా ఉంటే, కాన్ఫిగర్ కమాండ్‌లో ఆర్‌పాత్ భాగమో, దాని కోట్ గుర్తులో జారిపోయాయి. డిస్ట్‌క్లీన్ చేసి మళ్లీ కట్టాలి.

ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ వేరియబుల్ పెడితే అప్పటికప్పుడు పని నడుస్తుంది. ఒక్క కమాండ్ ముందు పెట్టుకుని వాడితే ఫర్వాలేదు. బాష్ఆర్సీలో శాశ్వతంగా రాస్తే మాత్రం ఆ టెర్మినల్ నుంచి నడిచే కర్ల్, పైథాన్, గిట్ కూడా మీ ప్రయోగాల లైబ్రరీనే ఎక్కించుకుంటాయి. పైగా సుడో దాన్ని తీసేస్తుంది. అందుకే మామూలుగా నడిచినది సుడోతో నడవదు.

యూఎస్ఆర్/లోకల్ వద్దని, ఆప్ట్ కింద వేరే ఫోల్డర్ అన్నదీ ఇందుకే. ఉబుంటులో యూఎస్ఆర్/లోకల్/లిబ్ సిస్టమ్ ఫోల్డర్ కన్నా ముందు వరుసలో ఉంటుంది. అక్కడ అదే పేరుతో లైబ్రరీ పెట్టి 'ఎల్‌డీకాన్ఫిగ్' కొడితే మొత్తం మెషీన్ దాని మీదికి మారిపోతుంది. ఇక కొన్ని చోట్ల చెప్పినట్టు 'యాప్ట్ రిమూవ్ ఓపెన్‌ఎస్ఎస్ఎల్' చేయడం, సిస్టమ్ లైబ్రరీ ఫైల్ మీద కొత్తదాన్ని కాపీ చేయడం అసలే వద్దు. ఎస్ఎస్‌హెచ్ లాంటివి దాని మీదే ఆధారపడతాయి. దూరంగా ఉన్న సర్వర్ మీద ఆ పని చేస్తే మళ్లీ లోపలికి వెళ్లే దారే మూసుకోవచ్చు.

ఇంకొకటి మిగిలింది. కొత్త ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌తో ఏదైనా వెబ్‌సైట్‌కు కనెక్ట్ అయితే 'అనేబుల్ టు గెట్ లోకల్ ఇష్యూయర్ సర్టిఫికెట్', నంబర్ 20, అని వస్తుంది. బిల్డ్ తప్పు కాదు. దాని సర్టిఫికెట్ల ఫోల్డర్ ఖాళీగా ఉంది, ఓపెన్‌ఎస్ఎస్ఎల్ తనతో రూట్ సర్టిఫికెట్లను తీసుకురాదు. ఉబుంటులో 'ఎస్ఎస్ఎల్_సర్ట్_డిర్=/ఈటీసీ/ఎస్ఎస్ఎల్/సర్ట్స్' పెట్టండి. లేదా /ఆప్ట్/ఎస్ఎస్ఎల్35/ఎస్ఎస్ఎల్ లోని ఖాళీ సర్ట్స్ ఫోల్డర్ తీసేసి ఆ చోట సిస్టమ్ ఫోల్డర్‌కు లింక్ పెట్టండి.

మీ ప్రోగ్రామ్‌ను దీనితో కలపడం

హెడర్లకు '-ఐ', లైబ్రరీలకు పెద్ద '-ఎల్', రెండూ ఒకే ఆప్ట్ ఫోల్డర్‌ను చూపించాలి. హెడర్ కొత్తది, లైబ్రరీ పాతది అయితే లింక్ దగ్గర 'అన్‌డిఫైన్డ్ రెఫరెన్స్' వస్తుంది. వరుస కూడా ముఖ్యం: ముందు మీ సోర్స్ ఫైల్, తర్వాత -ఎల్ఎస్ఎస్ఎల్, ఆఖరున -ఎల్‌క్రిప్టో. ఆర్‌పాత్ ఇక్కడా ఇవ్వాలి.

పాత ల్యాబ్ మాన్యువల్‌లోని ప్రోగ్రామ్ 'స్టోరేజ్ సైజ్ ఆఫ్ సీటీఎక్స్ ఈజంట్ నోన్' అంటే, అది 2016 ఆగస్టులో వచ్చిన 1.1.0కు ముందు రాసినది. అప్పటి నుంచి ఆ స్ట్రక్చర్ల లోపలి భాగం బయటికి కనిపించదు. సీటీఎక్స్‌ను వేరియబుల్‌గా కాకుండా పాయింటర్‌గా ప్రకటించి, 'ఈవీపీ_సైఫర్_సీటీఎక్స్_న్యూ'తో తెచ్చుకుని, పనయ్యాక '_ఫ్రీ'తో వదలాలి. 'డెప్రికేటెడ్ సిన్స్ ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 3.0' అనేది హెచ్చరికే. ప్రోగ్రామ్ నడుస్తుంది. మేక్‌ఫైల్‌లో 'డబ్ల్యూఎర్రర్' ఉంటేనే ఆగుతుంది.

విండోస్‌లో

మూడు కావాలి: విజువల్ స్టూడియో సీ++ టూల్స్, స్ట్రాబెర్రీ పెర్ల్ (విండోస్ కోసం ఇచ్చే పెర్ల్), న్యాజమ్ (అసెంబ్లీ కోడ్‌ను కంపైల్ చేసే టూల్). మామూలు కమాండ్ ప్రాంప్ట్ కాదు, స్టార్ట్ మెనూలో 'ఎక్స్64 నేటివ్ టూల్స్ కమాండ్ ప్రాంప్ట్' తెరవాలి. లేకపోతే 'ఎన్‌మేక్' దొరకదు. 32 బిట్ ప్రాంప్ట్ తెరిచి 64 బిట్ టార్గెట్ ఇస్తే లింక్ దగ్గర ఎల్ఎన్‌కే1112 వస్తుంది. టార్గెట్ పేరు వీసీ-విన్64ఏ.

'దిస్ పెర్ల్ ఇంప్లిమెంటేషన్ డజంట్ ప్రొడ్యూస్ విండోస్ లైక్ పాత్స్' అంటే గిట్‌తో వచ్చిన పెర్ల్ ముందు తగిలింది. 'వేర్ పెర్ల్' కొట్టి, స్ట్రాబెర్రీ మొదటి వరుసలోకి వచ్చేలా పాత్ మార్చండి. న్యాజమ్ ఇన్‌స్టాలర్ తనను తాను పాత్‌లో చేర్చుకోదు, ఆ ఫోల్డర్‌ను మీరే చేర్చి ప్రాంప్ట్ మూసి తెరవాలి. ఇన్‌స్టాల్ సహజంగా ప్రోగ్రామ్ ఫైల్స్‌లోకి పోతుంది. అడ్మిన్ హక్కులు లేని ల్యాబ్ లాగిన్‌లో '--ప్రిఫిక్స్'తో మీ సొంత ఫోల్డర్ చూపించండి.

ఇంకా తేలకపోతే

గిట్‌హబ్‌లో ఓపెన్‌ఎస్ఎస్ఎల్ ప్రాజెక్టు పేజీలో ఇష్యూ తెరవండి. ముందు అదే ఎర్రర్ వరుసతో పాత ఇష్యూలు వెతకండి, మూసేసిన వాటిలో కూడా. రాసేటప్పుడు తెర ఫొటో పెట్టొద్దు. మీరు కొట్టిన కాన్ఫిగర్ వరుస ఉన్నది ఉన్నట్టు, 'కాన్ఫిగ్‌డేటా.పీఎం --డంప్' ఫలితం మొత్తం, బిల్డ్.లాగ్‌లో మొదటి ఎర్రర్‌కు ముందు వెనకల వరుసలు, టెస్ట్ పోతే ఆ ఒక్క టెస్ట్ వీ=1 ఫలితం, ఇవన్నీ టెక్స్ట్‌గా పెట్టండి. డంప్‌లో మీ యూజర్ పేరు, ఫోల్డర్ పేర్లు కనిపిస్తాయి. పెట్టే ముందు ఒకసారి చదివి, బయటపడకూడనివి మార్చండి. బిల్డ్ చేస్తూ భద్రతా లోపం లాంటిది కంటపడితే మాత్రం ఇష్యూ తెరవొద్దు, అది అందరికీ కనిపిస్తుంది. అలాంటివి ప్రాజెక్టు వాళ్ల సెక్యూరిటీ ఈమెయిల్‌కే పంపాలి.